ఊపిరి లెక్క

కావ్య ఊపిరి తొంభై ఆరు.

అంటే నీళ్లలో తల ముంచి, లోపల్లోపలే తొంభై ఆరు లెక్కపెట్టుకునేదాకా ఉండగలదని. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టుకుని బతికే ఇళ్లలో పిల్ల ఎంత ఎత్తు పెరిగిందని ఎవరూ అడగరు, ఊపిరెంత అని అడుగుతారు. వల పోయి అడుగున ఏ తుమ్మకంపకో చిక్కుకుంటే మునిగి విడిపించాలి కదా మరి. కావ్య చిన్నాయన కొడుకు అట్లాగే మునిగాడు. కాలికి వల చుట్టుకుంది. మర్నాడు పొద్దెక్కాక గానీ తేలలేదు.

ఆ దినాలైన మూడో రోజే ఎల్లయ్య తన కూతురు కావ్యను, అప్పటికి ఆరేళ్లది, వాకిట్లో నీలం డ్రమ్ము ముందు నిలబెట్టాడు. ఆ డ్రమ్ములో ఎల్లయ్య తల్లి, వాడకట్టంతా పెద్దమ్మ అని పిలిచే ముసలామె, బతికున్న కొర్రమట్టల్ని ఉంచి రోడ్డు పక్కన అమ్ముకునేది. చేపల్ని గంపలోకి ఎత్తేసి, కొత్తనీళ్లు పోసి, పిల్ల మెడమీద అరచెయ్యి ఆనించి వంచాడు.

"ఆగకపోతే డ్రమ్మును మూడుపార్లు తట్టు. తట్టంగనే లేపుత," అన్నాడు. మాట తప్పలేదు. కావ్య తట్టడం, ఎల్లయ్య లేపడం. పది నుంచి ఇరవై, ఇరవై నుంచి యాభై. పదేళ్లు వచ్చేసరికి చెయ్యి వెయ్యాల్సిన పనే లేకపోయింది. ఒకరోజు తువ్వాలతో దాని తల తుడుస్తూ అన్నాడు: "రేపు నువ్వు ఎవలకన్న నేర్పినా యాదుంచుకో బిడ్డా. తట్టినంక ఒక్క లెక్క గూడ ఎక్కువ పట్టద్దు. పట్టినవంటే ఆ పిల్ల ఇగ జన్మల నీళ్లకాడికి రాదు."

కావ్య తలూపింది. చిన్నపిల్లలు తలూపినట్టే.

తూంకుంట దాటి కరీంనగర్ రోడ్డులో పోతుంటే ఎడమచేతి వైపు పెద్ద అద్దాల బడి ఒకటి లేచింది. దానికింద ఎల్లయ్య వాళ్ల రెండు గుంటల చెలక పోయింది. దానికి బదులుగా పిల్లకు పదో తరగతిదాకా సీటు ఇస్తామన్నారు, ఇచ్చారు. పచ్చబస్సుల్లో కొత్త కాలనీల నుంచి వచ్చే పిల్లల మధ్య కావ్య నడిచి వచ్చి కూర్చునేది. దానికి వాళ్లు పెట్టిన పేరు కొర్రమట్ట. ముందు వరసలో కూర్చునే అనూహ్య మొదటిసారి ఆ పేరు పలికినప్పుడు ముక్కు కూడా మూసుకుంది. అనూహ్యది గుంటూరు వైపు కుటుంబం, తండ్రికి పెద్ద ఉద్యోగం, తూంకుంటలో రెండంతస్తుల ఇల్లు.

కావ్య తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడు ఆ బడిలో గగనదళం అని ఒకటి మొదలుపెట్టారు. ఆకాశం రంగు చొక్కా, నల్ల బూట్లు, ఎర్రకుచ్చు పెట్టిన టోపీ. మిలిటరీ బడిలో నేర్పినట్టు మూడు నేర్పుతారు: నలుగురిని నడిపించడం ఒకటి, రాకెట్ల చదువు రెండు, ఒళ్లు గట్టిపరచడం మూడు. నేర్పే ఆయన ఫణిభూషణ్ సార్. కాకినాడ మనిషి, ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్లు చేసి దిగాడు.

ఆయన ఎవర్నీ కొట్టేవాడు కాదు. గొంతు కూడా పెంచేవాడు కాదు. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు పల్లీపట్టీలు ఉండేవి. పిల్లల్లో ఎవరైనా తప్పుచేస్తే, వెనకబడితే, వాళ్లను వేపచెట్టు నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, చేతికి ఒక పల్లీపట్టీ ఇచ్చేవాడు. వాళ్ల దళంలో మిగతా అయిదుగురూ ఎండలో పరుగెత్తాలి. కూర్చున్నవాళ్లు తింటూ చూడాలి.

"తిను తల్లీ, సిగ్గుపడకు. నీకోసమే కదా వాళ్లు పరిగెడుతున్నారు," అనేవాడు, ఎంతో ఆప్యాయంగా.

ఒక్క వారం ఆ పట్టీ తిన్న పిల్లకు మళ్లీ జీవితంలో పల్లీల వాసన పడదు. దెబ్బలైతే సాయంత్రానికి మరిచిపోతారు.

దళాలు నాలుగు, దళానికి ఆరుగురు. గ్రహాల పేర్లు పెట్టారు. పరుగులో, గుంజీళ్లలో, తాడెక్కడంలో కావ్యను కొట్టినవాళ్లు లేరు కనక దాన్ని కుజదళానికి నాయకురాల్ని చేశారు. గురుదళానికి అనూహ్య.

"కుజుడంటే దోషం కదే, సార్ చూసే పెట్టారు," అంది అనూహ్య. పిల్లలంతా గొల్లుమన్నారు.

"దోషం మాకు గాదు, మాకు ఎదురొచ్చేటోల్లకు," అన్నాడు కుజదళంలో ఉండే బబ్లూ. వాడికి ఒళ్లు ఎంతో నోరు అంత. ఆ మాటకు కావ్య మొదటిసారి ఆ బడిలో నవ్వింది.

ఏడాది ఆఖరుకి ఎక్కువ మార్కులొచ్చిన దళాన్ని శ్రీహరికోట తీసుకుపోయి, జనం కూర్చునే మెట్ల మీద కూర్చోబెట్టి, రాకెట్ లేవడం చూపిస్తామన్నారు. ఆ దళం నాయకురాలే వచ్చే ఏడు నాలుగు దళాలకూ నాయకురాలు. భుజానికి ఎర్రతాడు వేస్తారు. అప్పుడు అనూహ్య అయినా సరే కావ్య ఎదురుపడితే బూటు నేలకు కొట్టి సెల్యూట్ పెట్టాల్సిందే. కావ్యకు ఆ ఏడంతా అన్నంలోనూ ఆ ఎర్రతాడే, నీళ్లలోనూ ఆ ఎర్రతాడే.

అడ్డం ధరణి.

ధరణి ఏడో తరగతి, కుజదళంలో ఆరో పిల్ల. జవహర్‌నగర్‌లో ఉంటారు, చెత్తగుట్టకు ఇవతల రెండో గల్లీ. తల్లి దుర్గాబాయి ఈ బడిలోనే బాత్రూములు కడిగే ఆయా, అందుకని పిల్లకు సీటు. చిక్కుడుతీగలాంటి పిల్ల, చేతికి చిన్నప్పటి వెండి మురుగులు ఇంకా వదులే. గుట్ట మీద చెత్త అంటుకున్న రోజుల్లో ఆ పొగంతా ఆ గల్లీల్లోకే దిగేది. అందులో పుట్టి పెరిగిన పిల్లకు ఊపిరి ఎక్కడ నిలుస్తుంది? రెండు సందులు దాటేలోపు రొమ్ములో పిల్లికూత మొదలయ్యేది.

కానీ రాకెట్ల చదువులో దాన్ని మించినవాళ్లు లేరు. ఏ మంట ఎన్ని నిమిషాలు మండుతుంది, ఏ ముక్క ఎప్పుడు ఊడి సముద్రంలో పడుతుంది, భూమిని వదిలి పోవాలంటే ఎంత వేగం కావాలి, నిద్రలో లేపి అడిగినా చెప్పేది. క్విజ్జుల్లో వచ్చిన మార్కులన్నీ దానివే. జనవరి వచ్చేసరికి కుజదళం అందరికంటే పైన ఉందంటే ధరణి వల్లే.

ఇక మిగిలింది పరుగు పరీక్ష ఒక్కటే. మైదానం చుట్టూ రెండున్నర కిలోమీటర్లు, పదిహేను నిమిషాల్లో. ఆరుగురూ ముగించాలి. ఒక్కరు ఆగినా దళానికి సున్నా.

మొదటి వారం ధరణికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఆ వారమంతా వేపచెట్టు కింద కుర్చీ దానిదే. ఆ పట్టీని తిన్నట్టు నటించి, ముక్కలు జేబులో దాచి, తర్వాత నీళ్లకుండ దగ్గర అయిదుగురికీ పంచబోయింది.

"అక్కా, నేను తినలే. మీకే ఉంచిన."

కావ్య ఆ ముక్క అందుకుని మోరీలో వేసింది. నాయకురాలు వేసింది కనక మిగతా నలుగురూ వేశారు. బబ్లూ కూడా.

మర్నాడు కావ్య ఫణిభూషణ్ సార్ దగ్గరికి పోయింది.

"సార్, ధరణిని ఇంకో దళంల ఏయుండ్రి సార్. ఆమెకు ఉరుకుడు రాదు."

"మార్చడాలు, తీసెయ్యడాలు మన దగ్గర లేవమ్మా. అందరూ నా బిడ్డలే," అన్నాడాయన. "కాకపోతే ఎవరైనా తమంతట తాము, ఇష్టపూర్వకంగా మానుకుంటామని కాగితం రాసిస్తే, ఆ దళం అయిదుగురితో పరిగెత్తొచ్చు. ఆ ఒక్క రూలుంది."

"ఆమె మానది సార్. ఆమెకు రాకెట్లంటే పానం."

"మాన్పించమని నేనన్నానా?" ఫణిభూషణ్ నవ్వి, జేబులోంచి పట్టీ తీసి దాని చేతిలో పెట్టాడు. "నాయకుడు ఎవరికీ ఏదీ చెప్పడు తల్లీ. వాళ్లకే అనిపించేలా చూస్తాడు. ఆలోచించుకో."

ఏ మాటకామాటే, ఆ రోజు కావ్య మనసులో పాపం లేదు. ధరణిని పంపించాలని అనుకోలేదు. ఊపిరి లేదంతే కదా, ఊపిరి నేర్పుదాం అనుకుంది. నేర్చుకునే చోటు దానికి తెలిసింది ఒక్కటే, వాకిట్లో నీలం డ్రమ్ము. పరుగు ఊపిరి వేరు, నీళ్ల ఊపిరి వేరు అని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చెరువు నేర్పనిది ఇంకోటి ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

బడి నాలుగింటికి వదిలితే దుర్గాబాయి పని అయ్యేసరికి ఆరు. ఆ రెండు గంటలూ కావ్య ధరణిని తన ఇంటికి తీసుకుపోయేది.

"భయమా?" అంది మొదటిరోజు.

"నువ్వున్నవు గదక్కా," అంది ధరణి.

మొదటిరోజు పద్దెనిమిది దగ్గర తట్టింది. కావ్య వెంటనే లేపింది. మొహం నిండా నీళ్లు, ముక్కులోంచి నీళ్లు, అయినా ఆ పిల్ల కళ్లు తెరవకముందే అడిగిన మాట, "ఎంతక్కా?"

"పద్దెనిమిది."

"నీకెంత?"

"తొంభై ఆరు."

"అబ్బో!" అని, తడిజుట్టు వెనక్కి తోసుకుంటూ నవ్వింది.

రోజూ అదే. ఇరవై ఏడు, ముప్పై మూడు, నలభై. లేవగానే "ఎంతక్కా?" పెద్దమ్మ గోడవారగా కూర్చుని కత్తిపీట మీద చేపల పొలుసు తీస్తూ చూసేది. జనవరి చలికి పిల్ల వణుకుతుంటే కొంగుతో తల తుడిచి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, చేపముక్కా అన్నం పెట్టేది. తింటూ ధరణి రాకెట్ల సంగతి చెప్పేది. రాకెట్ పక్కన కట్టిన చిన్న రాకెట్లు ముందు మండి, పని కాగానే ఊడిపోతాయని.

"ఊడి యాడ వడ్తయే?" అడిగేది పెద్దమ్మ.

"సముద్రంల అవ్వా."

"మల్ల ఎవలన్న తెస్తరా?"

"లేదవ్వా. వాటి పని అయిపాయె గదా."

"అగ్గో, గంత ఇనుము నీళ్లపాలేనా!" అని పెద్దమ్మ బుగ్గ నొక్కుకునేది.

ఇరవై రోజులకు ధరణి ఊపిరి యాభై రెండుకు వచ్చింది. ఇక పరుగులో చూడాలి. పరీక్ష ఇంకా అయిదు రోజులుందనగా, శుక్రవారం పొద్దున, ఫణిభూషణ్ సార్ అన్ని దళాలనూ ఒకసారి పరిగెత్తించి చూశాడు. ధరణికి పట్టింది పద్దెనిమిది నిమిషాలు. ఆఖరి మలుపులో చేతులు మోకాళ్ల మీద ఆనించి నిలబడిపోయింది. ఆ పిల్లికూత మైదానం ఈ చివరకు వినపడింది.

"కుజదళంలో అయిదున్నర మందేనా?" అంది అనూహ్య, వెనక తన వాళ్లకు వినపడేలా. "ఏయ్ కొర్రమట్టా, ఆ పిల్లని గంపలో పెట్టుకుని పరిగెత్తవే. మీకు అలవాటే కదా."

ధరణి కుర్చీలో కూర్చుంది. చేతిలో పట్టీ. కావ్య, బబ్లూ, మిగతా ముగ్గురూ ఎండలో పది చుట్లు తిరిగారు. ఏడో చుట్టులో బబ్లూ వాంతి చేసుకున్నాడు.

"నువ్వే జెప్పు లీడరూ," అన్నాడు మూతి తుడుచుకుంటూ, ఈసారి నవ్వులాట లేకుండా. "మనమే సావాల్నా ఆమె కోసం?"

కావ్య తల తిప్పింది. చెట్టుకింద ఫణిభూషణ్ సార్ దానివైపే చూస్తున్నాడు, ఓపికగా, పొయ్యి మీద పాలు పొంగేది ఎప్పుడా అని చూసే మనిషిలా.

ఆ సాయంత్రం కూడా ధరణి వచ్చింది. తనే చేపల్ని గంపలోకి ఎత్తింది, తనే రిబ్బన్లు విప్పుకుంది. "ఇయ్యాల అరవై చేస్తనక్కా," అని వంగింది. కావ్య మెడమీద చెయ్యి ఆనించింది.

నలభై తొమ్మిది, యాభై. డ్రమ్ము మీద మూడు దెబ్బలు.

చెయ్యి లేవలేదు.

యాభై ఒకటి, యాభై రెండు. మళ్లీ మూడు దెబ్బలు, ఈసారి గట్టిగా.

"కావ్యా, తట్టింది గదనే," అంది పెద్దమ్మ పొలుసు తీస్తూనే.

"ఇనవడ్డది."

"ఇనవడితె లేపు మరి."

"ఇంకొంచెం అవ్వా."

ఆ చేతికింద మెడ ఎంత సన్నగా ఉందో కావ్యకు అప్పుడు తెలిసింది. పీచుమిఠాయి పుల్లంత ఉంది. దెబ్బలు ఇక మూడు మూడుగా రావడం లేదు, వరసపెట్టి వస్తున్నాయి. తర్వాత గోళ్లు ప్లాస్టిక్ మీద గీరుకుంటున్న చప్పుడు. నీళ్లు పొంగి కావ్య బూట్ల మీద పడ్డాయి. అరవై, అరవై ఒకటి. కోపం కూడా లేదు కావ్యకు, నిజం చెప్పాలంటే. కుర్చీలో పట్టీ పట్టుకు కూర్చున్న ధరణి, మూతి తుడుచుకుంటున్న బబ్లూ, వాళ్లకే అనిపించేలా చూడాలన్న సార్ మాట. అరవై ఆరు. గోళ్ల చప్పుడు ఆగింది. అరవై ఏడు.

పెద్దమ్మ చేప విసిరికొట్టి లేచి, పొలుసుచేత్తోనే మనవరాలి జడ పట్టి వెనక్కి గుంజింది. ధరణి డ్రమ్ము అంచు మీంచి జారి నేలమీద పడింది. ముక్కులోంచి, నోట్లోంచి నీళ్లు. కాసేపటికి దగ్గింది. తర్వాత మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది.

తట్టిన తర్వాత పదిహేడు. కావ్య లెక్క తప్పలేదు.

ధరణి ఆ రోజు "ఎంతక్కా?" అని అడగలేదు.

పెద్దమ్మ మనవరాలి చెంప మీద ఒక్కటిచ్చింది. "మీ బాపుకు చెప్పాల్నా? చెప్పాల్నా?" అని పళ్లు కొరికింది. కానీ చెప్పలేదు. చెబితే ఎల్లయ్య బడికి పోతాడు, బడికి పోతే మాట లేస్తుంది, మాట లేస్తే సీటు ఉంటుందో ఊడుతుందో. ధరణి తల కొంగుతో తుడిచి, రెండు వేపుడు ముక్కలు ఆకులో చుట్టి చేతిలో పెట్టింది.

"అమ్మకు చెప్పకు బిడ్డా. ఆటల అయితయి గిసొంటియి. అక్క నీ మంచికే చేసింది."

ధరణి తలూపింది. ఆకుపొట్లం పట్టుకుని గేటు దాకా పోయి, తిరిగి వచ్చి, సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి అరుగు మీద పెట్టింది. రాకెట్ల పుస్తకం అది. ఎర్ర స్కెచ్‌పెన్నుతో గీతలు, అంకెలు.

"నీకు పనికొస్తదక్కా. సార్ అడుగుతడు," అంది. గొంతు బొంగురుపోయింది.

సోమవారం పొద్దున కాగితం వచ్చింది. అంచు మడిచి, తేదీ వేసి, ముత్యాల్లాంటి అక్షరాలు. గగనదళం నుంచి నేను నా ఇష్టపూర్వకంగా మానుకుంటున్నాను అని. ఫణిభూషణ్ సార్ అది అందరిముందూ చదివి వినిపించాడు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

"చూశారా పిల్లలూ, దళం కోసం తనే తప్పుకుంది. దీన్నంటారు త్యాగమని. ఏదీ, అందరూ చప్పట్లు!"

అందరూ కొట్టారు. అనూహ్య కూడా కొట్టింది. మైదానం పక్క వరండా కడుగుతున్న దుర్గాబాయి, తన బిడ్డకే చప్పట్లని చూసి చీపురు చంకలో పెట్టుకుని తనూ కొట్టింది. ఫణిభూషణ్ ధరణికి ఒక పల్లీపట్టీ ఇచ్చాడు. ఆ పిల్ల అక్కడే నిలబడి, అందరూ చూస్తుండగా, మొత్తం తిన్నది.

బుధవారం పరీక్షలో కుజదళం అయిదుగురూ పదమూడున్నర నిమిషాల్లో ముగించారు.

రాకెట్ రెండుసార్లు వాయిదాపడి మార్చిలో లేచింది. మెట్ల మీద ఎండలో జనం, జెండాలు, చంటిపిల్లల ఏడుపులు. మైకులో ఎవరో పదినుంచి వెనక్కి లెక్కపెడుతున్నారు. జనమంతా కలిసి లెక్కపెట్టారు. కావ్య నోరు తెరవలేదు.

దూరాన చెట్ల వెనక నిప్పు లేచింది. చప్పుడు తర్వాత వచ్చింది, రొమ్ముమీద గుద్దినట్టు. నిమిషం గడిచిందో లేదో మబ్బులోకి దూరిపోయింది.

"గింతేనా?" అన్నాడు బబ్లూ. "గింత దూరం దీస్కొచ్చి?"

"లీడరుగారూ, పక్కన కట్టిన చిన్న రాకెట్లు ఏమయ్యాయో చెప్పండి మనవాళ్లకి," అన్నాడు ఫణిభూషణ్ సార్.

కావ్య చెప్పింది. ఎన్ని క్షణాలకు ఊడతాయో, ఎంత ఎత్తులోనో, ఏ సముద్రంలోనో. ఎర్ర స్కెచ్‌పెన్ను గీతలు కళ్లముందు కనిపిస్తుంటే ఒక్క అంకె తప్పలేదు. ముందు మెట్టు మీద కూర్చున్న ఎవరో పెద్దాయన వెనక్కి తిరిగి, "ఎవరి పిల్లమ్మా, ఎంత బాగా చెప్పింది!" అన్నాడు. ఆ మెట్ల మీదే ఫణిభూషణ్ దాని భుజానికి ఎర్రతాడు వేశాడు.

తిరిగివచ్చిన మర్నాడే అనూహ్య ఎదురుపడి సెల్యూట్ పెట్టింది. కావ్య చూడనట్టు పోయి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్లీ పెట్టించుకుంది. బూటు చప్పుడు సరిగ్గా రాలేదని మూడోసారి.

ఆ శనివారం బాత్రూముల దగ్గర దుర్గాబాయి ఆపింది.

"బిడ్డా, జర ఒక మాట. మా ధరణి మీద ఏదో గాలి సోకినట్టున్నది. ఎన్ని దినాలాయెనో, తల మీద నీళ్లు పోసుకుంటలేదు. మొఖం గూడ తడిబట్టతోనే తుడుసుకుంటది. నేను చెంబు లేపితే సాలు, గల్లీ అంత ఇనవడేటట్టు ఒర్లుతది. తల నిండ పేలు. బాబా కాడికి దీస్కపోయిన, తాయత్తు గట్టిన, మస్తు పరేషానైతున్న."

కావ్య గోడవైపు చూసింది.

"ఎవల మాట ఇంటలేదు. నీ పేరు చెప్తె మాత్రం నిలబడ్తది. లీడరు అంటది నిన్ను. నీ అసొంటి అక్క దొరికింది గాబట్టి దానికి గంత చదువొచ్చింది. ఒక్కపాలి రా బిడ్డా, నీ కాళ్లు మొక్కుత." దుర్గాబాయి దగ్గరికి జరిగింది. "గా డ్రెస్సు ఏసుకోనే రా. తాడు గూడ. జర భయపడ్తది."

ఆదివారం కావ్య ఆకాశం రంగు చొక్కా ఇస్త్రీ చేసుకుని, టోపీ పెట్టుకుని, తాడు వేసుకుని ఆటో ఎక్కింది. జవహర్‌నగర్ దగ్గరపడుతుంటే చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, అనూహ్య ముక్కు మూసుకున్నట్టే. గల్లీలో పిల్లలు పోలీసొచ్చిందని పరుగెత్తారు.

రేకుల ఇల్లు, ముందు నాపరాయి, దానిమీద నిండా నీళ్లతో బకెట్. ధరణి గడపలో కూర్చుని ఉంది. జుట్టు అట్టలు కట్టి, మెడ మీద మట్టి చారలు. కావ్యను చూడగానే లేచి నిలబడింది. పిడికిళ్లు తొడలకు ఆనించి, గడ్డం పైకెత్తి.

"సూసినవా!" అని దుర్గాబాయి మురిసిపోయింది. "నువ్వు జెప్తుండు బిడ్డా, నేను దుకాణంకాడ షాంపూ పాకిట్ దెస్త, జల్దీ వస్త."

ఇద్దరే మిగిలారు.

కావ్యకు చెప్పాలనుకున్నది ఒకటుంది. ఆటోలో కూర్చుని మాటలు కూడా కూర్చుకుంది. తప్పయిందని, ఆ రోజు విన్నానని, విని కూడా లేపలేదని. నోరు తెరిచింది. ఎదురుగా ధరణి కళ్లు తన భుజంమీద తాడును చూస్తున్నాయి. ఆ తాడు వేసుకుని ఆ మాట అనడం ఎట్లాగో దానికి తెలియలేదు.

"సావధాన్," అంది.

ధరణి బిగుసుకుంది.

"తల ముంచు."

ఆ పిల్ల బకెట్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. ఊపిరి తీసింది. పిల్లికూత లేచింది, ఆగింది. తల నీళ్లలోకి పోయింది. మెడమీద ఎవరి చెయ్యీ లేదు. రెండు పిడికిళ్లూ తొడలకు ఆనించే ఉన్నాయి. బకెట్‌ను తట్టడానికి ఒక్క వేలు కూడా లేవలేదు.

కావ్య లోపల లెక్క దానంతట అదే మొదలైంది. ముప్పై. యాభై. యాభై రెండు దాటింది. ఇక చాలు అనాలి అనుకుంది. అరవై ఏడు దాటింది. ఎనభై. జుట్టు నీళ్లమీద పరుచుకుని కదలకుండా ఉంది, చిన్న చిన్న బుడగలు మాత్రం. ఇప్పుడు చెబుదాం. తొంభై. తొంభై అయిదు, తొంభై ఆరు.

తొంభై ఏడు.

చెరువు పుట్టినప్పటినుంచి దాని ఈడు ఆడపిల్ల ఎవరూ చేరని చోటికి ఆ చెత్తగుట్ట పిల్ల చేరింది. కావ్య భుజంమీది తాడును గట్టిగా పట్టుకుంది. ఎర్రతాడు వేసిననాడు కూడా అంత వేడి పుట్టలేదు. నూట నాలుగు దగ్గర దాని నోట్లోంచి "విశ్రామ్" అని వచ్చింది.

ధరణి లేచింది. నీళ్లు కారుతున్నాయి. కళ్లు ఎర్రటి నిప్పులు. రొమ్ము ఎగిసిపడుతుంటే గాలి కోసం రెండుసార్లు నోరు తెరిచి మూసి, మూడోసారికి అడిగింది.

"ఎంతక్కా?"

ఎన్నాళ్ల తర్వాతో ఆ మాట. కళ్లలో ఆ పాత వెలుగు, పొయ్యి దగ్గర కూర్చున్నప్పటిది, ఒక్క నిమిషం కోసం.

"నలభై," అంది కావ్య.

వెలుగు పోయింది. "నలభయ్యేనా?"

"గంతే. మస్తు తగ్గింది నీకు."

అంతలో దుర్గాబాయి షాంపూ పాకెట్ పళ్లతో చింపుతూ వచ్చింది. కూతురి తడితల చూసి గుమ్మంలోనే ఆగిపోయి, రెండు చేతులూ జోడించింది. "నీ కడుపు సల్లగుండ! గిన్ని దినాల సంది నాతోని గానిది ఒక్క మాటతోని జేసినవు. కూసో బిడ్డా, ఛాయ్ పెడ్త. పాలున్నయి." లోపలికి పోయి స్టవ్వు వెలిగించింది. గిన్నె చప్పుడైంది.

ధరణి బకెట్‌లోకి చూస్తోంది. పిడికిళ్లు మళ్లీ బిగించింది.

"మల్లోపాలి చేస్తనక్కా," అంది మెల్లగా. "ఈపాలి మంచిగ చేస్త. వచ్చే యేడు నన్ను మల్ల దీస్కుంటవా?"

కావ్య టోపీ సరిచేసుకుంది. లోపల్నుంచి అల్లం దంచుతున్న చప్పుడు, దుర్గాబాయి ఏదో పాట కూనిరాగం.

"సూద్దాం," అంది. "ముంచు."

తల నీళ్లలోకి పోయింది. కావ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఈసారి పైకి వినపడేలా, మెల్లగా, చాలా మెల్లగా మొదలుపెట్టింది.

"ఒకటి."